ఒళ్లు చేసిన తూనికరాయి

"తూనికరాయి బరువు పెరిగింది," అంది యున్-హాన్.

ఫాన్ మూ-షెంగ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వస్తువులు పోయాయని విన్నాడు, పగిలాయని విన్నాడు. ఒళ్లు చేసిందని ఫిర్యాదు రావడం ఇదే మొదలు.

"ఎంత పెరిగింది?"

"ఈగ రెక్కంత."

"దానికేనా నన్ను బెయ్‌పూ కొండ మీంచి దింపారు?"

"దానికే, ఫాన్ గారూ." ఆ అమ్మాయి నవ్వబోయి మానేసింది. "బంగారం కొట్టు త్రాసు నుంచి మందుల ఫ్యాక్టరీ త్రాసు దాకా, ఈ దేశంలో ఏది సరిచూడాలన్నా చివరికి ఆ ఒక్క కిలో రాయి దగ్గరికే రావాలి. అది తప్పితే అందరికీ తప్పినట్టే. నిన్న దాన్ని త్రాసులో పెట్టింది నేనే. పొద్దున్న తేడా చూసిందీ, చూసి చెప్పిందీ నేనే."

"నేరం చేసినవాళ్లే ముందు ఫోను చేస్తారు," అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ లియావ్. "ఇది నువ్వు నేర్పిన పాఠమే గురూ."

లియావ్ ఇప్పుడు ఈ కొలతల సంస్థకి భద్రతాధికారి. ఒకప్పుడు ఫాన్ కింద కానిస్టేబులు. టై కట్టుకున్నాడు. టై మీద నూడుల్స్ పులుసు మరక ఉంది. ఫాన్ ఆ మరక చూశాడని అతనికి తెలిసింది, చేత్తో కప్పుకున్నాడు.

"నీకసలే బీపీ. మెట్లెక్కి వచ్చావా?"

"లిఫ్టు నీ మనుషులు ఆపేశారుగా."

"విచారణ జరుగుతోంది మరి."

"నేరస్థుడు లిఫ్టులో దాక్కున్నాడా?"

ఫాన్ చేతిసంచిలోంచి ఎండబెట్టిన పెర్సిమన్ పళ్ల పొట్లం తీసి అతని చేతిలో పెట్టాడు. "మీ వదిన పంపింది. పులుసు పక్కనపెట్టి ఇవి తిను."

"ఇది లంచం కాదుకదా?"

"ఇష్టం లేకపోతే తిరిగిచ్చెయ్."

లియావ్ ఇవ్వలేదు.

ఫాన్ అమ్మాయి వైపు తిరిగాడు. "నీది పోస్ట్‌డాక్ అన్నారు. అంటే శాశ్వత ఉద్యోగం కాదుకదా?"

"కాదండీ. పీహెచ్‌డీ అయ్యాక ఉద్యోగం దొరికేదాకా చేసే పరిశోధన. ఏడాదికోసారి కాగితం మారుస్తారు. ఒకనాటికి మార్చరు."

"నీకు ఎన్నేళ్లయింది?"

"ఐదు. ఇది మూడో చోటు. నా సామానింకా అట్టపెట్టెల్లోనే ఉంది. విప్పితే మళ్లీ కట్టుకోవాలి కదా అని." ఆమె గోడ గడియారం చూసింది. "ఇక్కడ ఒకే ఒక్క శాశ్వత పోస్టు పడింది. నాలుగింటికి ఇంటర్వ్యూ. చివరికి నేనూ, ఇక్కడే పనిచేసే బో-రుయ్ మిగిలాం. రాయి పాడుచేసిందన్న మాట నా మీద ఉంటే లోపలికి పిలవను కూడా పిలవరు."

"అప్పుడేం చేస్తావు?"

"కంప్యూటర్ చిప్‌ల కంపెనీకి పోతాను. జీతం రెండింతలు. కానీ అక్కడ ఈ రాయి ఉండదు." ఆ మాట మాత్రం ఆమె నేల చూస్తూ అంది.

ఫాన్‌కి పొద్దున్న ఫోను చేసింది డైరెక్టర్ షావ్. "మా పిల్ల ఒకతి చిక్కులో పడింది. రా," అన్నాడు. అంత మాట ఆ మనిషి నోట ఫాన్ ఎన్నడూ వినలేదు. అంకెలు తప్ప ఇంకేదీ పలకడని ఆయనకి పేరు. ఇంటర్వ్యూ కమిటీకి అధ్యక్షుడూ ఆయనే.

"నాలుగు కొట్టేలోగా ఈ అమ్మాయి పాసు వెనక్కి తీసుకుంటాను," అన్నాడు లియావ్. "రికార్డు చూశాను గురూ. నిన్న సాయంత్రం ఆరింటికి తూనిక గది తలుపు తీసింది తనే. తర్వాత తెల్లారి బో-రుయ్ తన నమూనాలు తీసుకోవడానికి తీశాడు. మధ్యలో తలుపు తెరుచుకోలేదు. ఆరింటికే వట్టి చేత్తో రాయి ముట్టుకుని ఉంటుంది. చేతి జిడ్డు చాలట, బరువు పెరగడానికి."

"అమ్మా, ఆరు తర్వాత తూకం ఎన్నిసార్లు పడింది?"

"ఏడింటికి ఒకసారి గాలిలో తూచింది, యంత్రం దానంతట అదే. సరిగ్గానే ఉంది. తర్వాత రాయికి విశ్రాంతి. తొమ్మిదింటికి పంపు మొదలై పెట్టెలో గాలంతా తోడేసింది. గాలి పోయాక పడ్డ మొదటి తూకంలోనే తేడా."

ఫాన్ లియావ్ వైపు చూశాడు. "ఆరింటికి ముట్టుకుంటే ఏడింటికే పెరగాలి. రాయి ఎవరికోసం ఆగింది?"

లియావ్ పెర్సిమన్ ముక్క నోట్లో వేసుకున్నాడు. నమలడం అయ్యేదాకా జవాబు చెప్పక్కర్లేదు కదా.

"వరండాలో కెమెరా లేదా?"

"పెట్టనివ్వరు. దాని వేడికి త్రాసు కదులుతుందట. నా ఒంటి వేడికి కూడా కదులుతుందట. నన్ను తలుపు దాటి రానివ్వరు."

తూనిక గదికి ముందు బట్టలు మార్చుకునే చిన్న గది. కోట్లు కొక్కేలకి వేలాడుతున్నాయి. బూట్లు విప్పి, తెల్లకోటు తొడుక్కుని, మూతికి గుడ్డ కట్టుకుని ఫాన్, యున్-హాన్ లోపలికెళ్లారు. లోపల బల్లల మీద యంత్రాలు నున్నగా, బోడిగా ఉన్నాయి.

"పొట్లాలేవి?" అన్నాడు ఫాన్.

ఈ దేశంలో ఏ ఊళ్లో ఏ యంత్రం చూసినా దాని నెత్తిన ఆకుపచ్చ గ్వాయ్‌గ్వాయ్ పొట్లం ఉంటుంది. మొక్కజొన్న బొరుగులు, కొబ్బరి రుచి. గ్వాయ్‌గ్వాయ్ అంటే బుద్ధిగా ఉండమని. ఆ పొట్లం నెత్తిన ఉంటే యంత్రం మొరాయించదు. బెయ్‌పూ పోస్టాఫీసులో ముద్ర కొట్టే యంత్రానికి కూడా ఉంది.

"పోయినేడాది డైరెక్టర్ గారు తీయించేశారు," అంది యున్-హాన్. "చీమలు పట్టాయి. 'ఇది కొలతల సంస్థా, గుడా? ఇంకోసారి పొట్లం కనబడితే ఉద్యోగం ఊడుతుంది' అన్నారు. అందరికంటే ఎక్కువ పొట్లాలు పెట్టింది నేనే. నన్ను చూస్తూ అన్నారు."

"లియావ్, నువ్వూ తీసేశావా?"

గుమ్మం బయటి నుంచి లియావ్ గొంతు వినబడింది. "కెమెరాల వెనకాల ఒకటుంది. నాకు కెమెరాలు పనిచేయాలి గురూ."

"ఆయన పసుపుది పెట్టారొకసారి!" అంది యున్-హాన్. ఆ పొద్దు మొదటిసారి నవ్వింది. "ఆ వారమంతా ఒక్క కెమెరా పనిచేస్తే ఒట్టు."

"షాపులో ఆకుపచ్చవి అయిపోయాయమ్మా!"

"పసుపంటే ఆగిపోమని చెప్పడం. చంటిపిల్లాడికైనా తెలుసు. కసి ఉన్నవాడు తప్ప ఎవడు పెడతాడండీ?"

"సర్లే, ఎంతకాలం దెప్పుతారు!"

ఆమె త్రాసు పెట్టె మూత ఎత్తింది. గంట ఆకారంలో ఉన్న ఇనుప మూత. లోపల గుండ్రటి తిరిగే పళ్లెం, దాని మీద రెండు వేళ్ల ఎత్తున మెరిసే దిమ్మ. పళ్లెం రాత్రంతా తిరుగుతూ ఒక్కో రాయినీ త్రాసు మీదికి చేర్చి దించుతుంది. దిమ్మని తోలు చుట్టిన పటకారుతో తప్ప ముట్టుకోరు. యున్-హాన్ దాని వైపు వంగినప్పుడు మూతిగుడ్డ మీంచే ఊపిరి బిగబట్టింది. జ్వరం వచ్చిన బిడ్డని చూసినట్టు చూసింది.

ఫాన్ మూతిగుడ్డ గడ్డం కిందికి లాగాడు. ఒకసారి వాసన చూసి మళ్లీ కట్టుకున్నాడు.

బయటికి వచ్చి బూట్ల దగ్గర కూర్చున్నాడు. లేస్ కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

"వయసైపోయింది గురూ నీకు," అన్నాడు లియావ్.

"చీమలు," అన్నాడు ఫాన్.

"ఏంటి?"

"మా ఇంట్లో పళ్లు ఎండబెట్టినప్పుడు తట్టకాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడతాం. అయినా వస్తాయి. తీపి ఎక్కడుందో వాటికి మనకంటే ముందు తెలుస్తుంది." గోడవారగా సన్నటి నల్లటి గీత. గుమ్మం కిందనుంచి బయల్దేరి, కొక్కెం మీదికి ఎక్కి, వరసలో మూడో కోటు జేబులోకి దిగుతోంది. "తిండి రానివ్వని గదిలో వీటికేం పని?"

కోటు మీద పేరుంది. బో-రుయ్.

లియావ్ జేబులో చెయ్యి పెట్టి కాగితపు రుమాలులో చుట్టిన ఉండ బయటికి తీశాడు. విప్పాడు. వెండిరంగు పొట్లం పేలికలు, బొరుగుల పొడి. పేలికలన్నీ జిడ్డుగా ఒకదానికొకటి అంటుకున్నాయి. పైపేలిక అంచున ఆకుపచ్చ కనబడింది.

"దొరికాడు!" లియావ్ మొహం విచ్చుకుంది. "పోటీకొచ్చిన పిల్ల పేరు చెడగొడితే ఉద్యోగం తనది. పొట్లం పెట్టెలో పెట్టాడు. గాలి తోడేసరికి పొట్లం ఉబ్బి పేలింది. తిరిగే పళ్లెం రాత్రంతా దాన్ని చీల్చింది. జిడ్డు రాయికి అంటుకుంది. చూశావా గురూ, నీకంటే ముందు నేనే చెప్పాను!"

"బాగా చెప్పావు. అంతా నిజమే. ఒక్క మనిషి తప్ప."

"నాకు ఒక్కసారైనా గెలిచే అవకాశం ఇవ్వవా నువ్వు?"

"పేరు చెడగొట్టాలనుకున్నవాడు తెల్లారి వచ్చి శుభ్రం చేస్తాడా? పొట్లం అక్కడే వదిలేస్తే ఆ అమ్మాయి పని అయిపోయేది. అతన్ని పిలువు."

వాళ్లు మొదట కూర్చున్న గదికి వచ్చిన బో-రుయ్ సన్నగా ఉన్నాడు. ఇంటర్వ్యూ కోసం కొత్త చొక్కా వేసుకున్నాడు. మెడ దగ్గర ధర చీటీ దారం ఇంకా అలాగే ఉంది. బల్లమీది ఉండనీ, ఆ తర్వాత యున్-హాన్‌నీ చూసేసరికి అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నమూనాల కోసం వచ్చావు. మూత ఎందుకు ఎత్తావు?" అన్నాడు ఫాన్.

"పెట్టె గాజు కిటికీలోంచి లోపల ఏదో చిందరవందరగా కనిపించిందండీ. గాలి వదిలి మూత ఎత్తాను. బొరుగులు."

"ఎందుకు చెప్పలేదు?"

అతను చొక్కా గుండీ సర్దుకున్నాడు.

"చెప్పు బాబూ. మూడున్నరైంది."

"యున్-హాన్ అక్కే పెట్టిందనుకున్నాను." గొంతు బాగా తగ్గించాడు. "పొట్లాలంటే అక్కకి పిచ్చి. కొత్తగా వచ్చినప్పుడు నా యంత్రం మీద మొదటి పొట్లం పెట్టింది అక్కే. ఇంటర్వ్యూ ముందురోజు కదా, భయంతో బుర్ర పనిచేయక పెట్టేసిందేమో అనుకున్నాను. బొరుగులు త్రాసులో పెట్టిన మనిషికి ఎవరిస్తారండీ ఉద్యోగం? గబగబా ఏరేసి, కుంచెతో దులిపాను. జిడ్డు పోదని ఆ క్షణం తోచలేదు."

"నేనా? త్రాసులో?" యున్-హాన్ లేచి నిలబడింది. "నీకు మతి ఉందా రుయ్? నేను దాని పక్కన తుమ్మను కూడా తుమ్మను!"

"తెలుసక్కా. కానీ..."

"నువ్వు నోరు మూసుకుని ఉంటే ఉద్యోగం నీదే కదరా!"

"నాకూ కావాలి. ఇలా వద్దు."

ఆమె కళ్లు తుడుచుకుంది. చెయ్యి చాపి అతని మెడ దగ్గరి ధర చీటీ దారం పుటుక్కున తెంపింది. "ఇలాగే లోపలికి పోతావా? నవ్వుతారు."

లియావ్ రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు. "అందరూ మంచివాళ్లే! మరి పొట్లం నడుచుకుంటూ వెళ్లి కూర్చుందా?"

ఫాన్ జిడ్డు ఉండని తన ముందుకి లాక్కున్నాడు. పేలికలు ఒకటొకటిగా విడదీసి బల్ల మీద పరుస్తూ అడిగాడు. "గాలి తోడి తూచడం ఎప్పుడు అనుకున్నావమ్మా?"

"అసలు వచ్చే వారం. ఇంటర్వ్యూలో చూపించాలని నిన్న మధ్యాహ్నం ముందుకు జరిపాను. ఫోన్ గ్రూపులో అందరికీ చెప్పాను."

"పొట్లం ఆశతో పెట్టేవాడు పెట్టె నెత్తిన పెడతాడు. ఇది పెట్టినవాడు లోపల దాచాడు. పైన పెడితే అందరూ చూస్తారు. తను పెట్టాడని తెలిస్తే తలెత్తుకోలేడు. పంపు మొదలవుతుందని తెలిస్తే లోపల పెట్టేవాడే కాదు. అంటే గ్రూపులో లేనివాడు." ఇంకో పేలిక పరిచాడు. "లియావ్, ఆ తలుపుకి నీ రికార్డులోకి ఎక్కని తాళంచెవి ఏదైనా ఉందా?"

"పాతది ఒకటుంది. అది..." లియావ్ టై సర్దుకున్నాడు.

"మీ గ్రూపులో లేనిదెవరు?"

యున్-హాన్, బో-రుయ్ ఒకరినొకరు చూసుకున్నారు. చెప్పాల్సిన పని లేకపోయింది.

గుమ్మంలో డైరెక్టర్ షావ్ నిలబడి ఉన్నాడు. ఇంటర్వ్యూకి పిలవడానికి తనే వచ్చాడు. నెరిసిన జుట్టు తడిపి దువ్వుకున్నాడు. చేతిలో ఇద్దరి దరఖాస్తులు.

"గ్రూపులు నాకు గిట్టవు," అన్నాడు. "పొద్దస్తమానం టింగుటింగుమంటాయి."

ఆయన లోపలికి వచ్చాడు.

"నిన్న రాత్రి ఎనిమిదింటికి వెళ్లాను. పంపుకి ఎంతసేపుందో చూపే గడియారం తెర మీద నడుస్తోంది కాబోలు, చూడలేదు. కళ్లద్దాలు జేబులో ఉన్నాయి. తూకం గాలిలోనే అనుకున్నాను. మూసిన పొట్లం, పళ్లెం తగలని మూల. దానివల్ల లాభమూ లేదు నష్టమూ లేదని లెక్క వేసే పెట్టాను." ఆయన దరఖాస్తుల అంచులు సర్దాడు. "లాభం లేదని లెక్క తేలాక ఎందుకు పెట్టానంటే... ఐదేళ్లు అట్టపెట్టెల మధ్య బతికింది కదా. ఈ ఒక్క రాత్రి తూకం బుద్ధిగా పడితే బాగుండుననిపించింది."

"సార్," అంది యున్-హాన్.

"పొద్దున్న రాయి బరువు పెరిగిందంటే చెయ్యి తగిలిందనే నేనూ అనుకున్నాను. పేలుతుందన్న ఆలోచనే రాలేదు. ఫాన్, నిన్ను పిలిపించి మంచి పని చేశాను." దరఖాస్తులు బల్ల మీద పెట్టాడు. జేబులోంచి పాత ఇనుప తాళంచెవి తీసి లియావ్ అరచేతిలో పెట్టాడు. "రిపోర్టులో నా పేరే రాయి. నేనిప్పుడు ఈ అమ్మాయి ఇంటర్వ్యూకి అధ్యక్షుడిగా కూర్చోకూడదు. కమిటీలో మిగతా ముగ్గురూ తూస్తారు. వాళ్లకి అంతా చెప్పేసి వచ్చి బయట కూర్చుంటాను."

లియావ్ తాళంచెవి వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. ఏం చెయ్యాలో తోచక, పెర్సిమన్ పొట్లం ఆయన ముందుకు చాపాడు. షావ్ ఒకటి తీసుకున్నాడు.

"సార్, ఒక్క మాట," అంది యున్-హాన్ గుమ్మం దగ్గర ఆగి. "ఆకుపచ్చదేనా తెచ్చారు?"

"నాకా మాత్రం తెలీదా? మూడు షాపులు తిరిగి ఆకుపచ్చదే తెచ్చాను. గడువు తేదీ కూడా చూశాను."

ఆ అమ్మాయి గట్టిగా నవ్వింది. నవ్వుకుంటూనే కళ్లు తుడుచుకుని, వరండా దాటి ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లింది. షావ్ వెంట వెళ్లి, మాట చెప్పి తిరిగొచ్చాడు. తలుపు మూసుకుంది.

లియావ్ కుర్చీలో కూలబడ్డాడు. "ఇంతేనా గురూ? ప్రేమ కేసా? రిపోర్టులో ఏమని రాయను?"

ఫాన్ పేలికల మీదికి వంగాడు. పొట్లానికి పైనా కిందా అంచులు ఉంటాయి, రంపం పళ్లలా కోసినవి. పరిచిన పేలికల్లో ఆ అంచులు రెండూ దొరికాయి. ఉండ అడుగున, మడతపడి ఉన్న పేలికకి మూడో అంచు ఉంది.

"షావ్ గారూ, పొట్లాలు ఎన్ని పెట్టారు?"

"ఒకటే."

"వచ్చేటప్పుడు తలుపు తాళం వేశారా?"

షావ్ ఆలోచించాడు. తినబోతున్న పండు చేతిలోనే ఆగిపోయింది. "ఆ తాళంచెవితో తీస్తే తాళం దానంతట అది పడదు. తిప్పాలి. నేను... తిప్పినట్టు గుర్తు లేదు."

ఫాన్ ఆ పేలికని గోటితో విప్పి వెనక్కి తిప్పాడు.

పసుపు.

లియావ్ లేచి నిలబడ్డాడు. "నేను కాదు గురూ!"

"నువ్వు కాదని తెలుసు. నీకు మూత ఎత్తడం కూడా రాదు." ఫాన్ ఆకుపచ్చ పేలికలన్నీ ఒక పక్కకి నెట్టాడు. పసుపుది ఒంటరిగా మిగిలింది. "ఆకుపచ్చది పెట్టినాయనకి పంపు సంగతి తెలీదు. పసుపుది పెట్టినవాడికి తెలుసు. తూకం చెడాలని పసుపుది, అదీ పేలుతుందని తెలిసే పెట్టాడు. బో-రుయ్, మీ గ్రూపులో ఎవరెవరున్నారు?"

బో-రుయ్ వేళ్లు మడుస్తూ పేర్లు చెప్పాడు. చివరి మూడు పేర్ల దగ్గర అతని వేలు ఆగింది. వరండా అవతలి మూసిన తలుపు వైపు చూశాడు.

"ఆ కమిటీ వాళ్లు ముగ్గురూ ఉన్నారండీ."

తలుపు వెనకాల నుంచి యున్-హాన్ గొంతు స్పష్టంగా వినబడుతోంది. తన పేరు చెబుతోంది, ఎన్నేళ్లు ఏ పని చేసిందో చెబుతోంది. నవ్వు ఇంకా గొంతులో ఉంది.

ఫాన్ కుర్చీని ఆ తలుపు దగ్గరికి లాక్కుని, దానికి ఎదురుగా కూర్చున్నాడు.